బ్రోకర్ చేర్చేది బైట్లే

(సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో రెండింటిని కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

ఈ రోజుల్లో ఏ కంపెనీలో చూసినా ఒకటే వరస, ఒక్కో పని ఒక్కో ప్రోగ్రామింగ్ భాషలో. వెబ్‌సైట్ ఎప్పుడో పీహెచ్‌పీలో కట్టారు. డబ్బు లెక్కలు జావాలో ఉన్నాయి. మెషీన్ లెర్నింగ్ వాళ్లు పైథాన్ తప్ప ఇంకోటి ముట్టుకోరు. నోటిఫికేషన్లు జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో నడుస్తున్నాయి. కొత్తగా చేరినాయన ఒక సర్వీసు గోలో రాసిపెట్టి వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. మధ్యలో మెసేజ్ బ్రోకర్, అంటే ఒకరి మెసేజ్ తీసుకుని ఇంకొకరికి చేర్చే ప్రోగ్రాం, పెట్టేస్తే అయిపోతుంది అంటారు. పెడతారు. ఆ సాయంత్రానికే జావా పంపిన మెసేజ్ పైథాన్ స్క్రీన్ మీద కనిపిస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. అసలు పని మర్నాటి నుంచి మొదలవుతుంది. నేను మాట్లాడబోయేది ఆ మర్నాటి సంగతి.

ప్రవేశ పరీక్ష సైటు ఒకటి ఊహించుకోండి. విద్యార్థి ఫారం నింపుతాడు, ఫొటో ఎక్కిస్తాడు, ఫీజు కడతాడు. ఫారం తీసుకునేది పీహెచ్‌పీ. ఫొటోలో ముఖం సరిగా పడిందో లేదో చూసేది పైథాన్. ఫీజు సరిచూసేది జావా. ఫోన్‌కి ఎస్సెమ్మెస్ పంపేది నోడ్. హాల్ టికెట్ పీడీఎఫ్ తయారుచేసేది గో. పీహెచ్‌పీ ఈ నలుగురికీ తిన్నగా హెచ్‌టీటీపీ కాల్ చేయాలంటే నలుగురి అడ్రసులూ దానికి తెలియాలి, నలుగురూ ఆ క్షణంలో లేచి ఉండాలి. చివరి తేదీ రాత్రి పదకొండున్నరకి పైథాన్ సర్వర్ పడుకుంటే ఫారం కూడా ఆగిపోతుంది. అప్పుడు ఫోన్లు ఎవరికి వస్తాయో మీకు తెలుసు.

బ్రోకర్ ఉంటే పీహెచ్‌పీ ‘అప్లికేషన్ వచ్చింది’ అని ఒక్క మెసేజ్ వేసి తన దారిన తాను పోతుంది. ఆర్టీసీ పార్శిల్ కౌంటర్ లాంటిది ఇది. పెట్టె మీద ఊరి పేరు చూసి బస్సెక్కిస్తారు, అవతలివాళ్లు వచ్చేదాకా గోడౌన్‌లో ఉంచుతారు, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకుంటారు. లోపల మామిడిపళ్లున్నాయా, మోటారు స్పేర్ పార్టులున్నాయా అన్నది వాళ్లకు అనవసరం. ర్యాబిట్‌ఎంక్యూ అనే బ్రోకర్ చేసేదీ అంతే. రౌటింగ్ కీ, అంటే పెట్టె మీద ఊరి పేరు లాంటిది, చూస్తుంది, తగిన క్యూలో పెడుతుంది, కన్స్యూమర్ (తీసుకునే ప్రోగ్రాం) నుంచి యాక్ (అందిందన్న సంతకం) రాగానే తీసేస్తుంది. మీరు పంపిన బాడీ, అంటే లోపలి సరుకు, దాని లెక్కలో ఒక బైట్ల వరస, అంతే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ముంబైలో పుట్టిన వివేక్ రణదివే 1980ల్లో అమెరికాలో టెక్‌నెక్రాన్ కంపెనీ తరఫున వాల్‌స్ట్రీట్ ట్రేడింగ్ ఫ్లోర్ల కోసం ఇన్ఫర్మేషన్ బస్ అని ఒకటి కట్టారు. కంప్యూటర్ లోపల కార్డులన్నీ ఒకే బస్‌కి, అంటే ఉమ్మడి తీగల వరసకి, తగిలించినప్పుడు సాఫ్ట్‌వేర్ ముక్కల్ని మాత్రం ఎందుకు తగిలించకూడదు అన్నది ఆయన ప్రశ్న. 1997లో టిబ్‌కో పెట్టింది ఆయనే. ఐబీఎం 1993లో ఎంక్యూసిరీస్ తెచ్చింది. దాని వారసుడు బ్యాంకుల్లో ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు.

మన విషయానికి అసలు మలుపు మాత్రం ఆ తర్వాత వచ్చింది. 1998లో సన్ కంపెనీ జేఎంఎస్ (జావా మెసేజ్ సర్వీస్) తెచ్చింది. జావా ప్రోగ్రాం నుంచి ఏ బ్రోకర్‌నైనా ఒకే రకం ఫంక్షన్లతో పిలవొచ్చు. బాగానే ఉంది. కానీ జేఎంఎస్ చెప్పేది జావా కోడ్ ఎలా ఉండాలో మాత్రమే. కింద తీగ మీద పోయే బైట్లు ఏ కంపెనీ బ్రోకర్‌కి ఆ కంపెనీవే. పైథాన్ వాడు వచ్చి నేనూ చేరతాను అంటే, ఆ కంపెనీ పైథాన్ లైబ్రరీ ఇచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడాలి. లండన్‌లో జేపీమోర్గాన్ బ్యాంకులో పనిచేసే జాన్ ఓహారా 2003లో ఈ చిక్కుముడిని రెండో కొస నుంచి పట్టుకున్నారు. కోడ్ ఎవరికి నచ్చినట్టు వాళ్లు రాసుకోనీ, తీగ మీద పోయే బైట్లు ఎలా ఉండాలో మాత్రం అందరం కలిసి రాసుకుందాం అన్నారు. అదే ఎఎంక్యూపీ. పీటర్ హింజెన్స్‌కు చెందిన ఐమాటిక్స్ సంస్థ తొలి అమలును సీ భాషలో రాసింది. 2007లో ర్యాబిట్‌ఎంక్యూ వచ్చింది. దాన్ని రాసింది ఎర్లాంగ్‌లో, అంటే ఎరిక్సన్ వాళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల కోసం చేసుకున్న భాషలో. ఈ హాల్లో ఎర్లాంగ్ వచ్చినవాళ్లు చేతులెత్తండి. (ఒకరు ఎత్తారు) ఒక్కరు! కానీ ర్యాబిట్ వాడినవాళ్లు సగం మంది ఉంటారు. ఎర్లాంగ్ రాకపోయినా ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదంటే అది తీగ మీద ఒప్పందం చేసిన మేలు.

ఆ ఒప్పందం ఎంత మామూలుగా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. క్లయింట్, అంటే బ్రోకర్‌తో మాట్లాడే ప్రోగ్రాం, ఏ భాషలో ఉన్నా సరే, 5672 పోర్టుకి కనెక్ట్ అవగానే ఎనిమిది బైట్లు పంపుతుంది. మొదటి నాలుగూ ఏ, ఎం, క్యూ, పీ అనే అక్షరాలు. తర్వాత 0, 0, 9, 1. ఆ వెర్షన్ బ్రోకర్‌కి రాకపోతే తనకు వచ్చిన వెర్షన్ అంకెలు తిరిగి పంపి కనెక్షన్ కట్ చేస్తుంది. కుదిరితే ఇక ఫ్రేములు నడుస్తాయి. ఒక బైట్‌లో ఇది ఏ రకం ఫ్రేమో, రెండు బైట్లలో ఛానల్ నంబరు, నాలుగు బైట్లలో సైజు, ఆ సైజుకు సరిపడా సరుకు, చివర 206 విలువ గల ఒక బైట్. చివర్లో 206 కనబడలేదంటే మధ్యలో ఎక్కడో లెక్క తప్పినట్టే, కనెక్షన్ మూసేయాలి. ఇంత కచ్చితంగా రాసిపెట్టారు కాబట్టే ఏ భాషలోనైనా క్లయింట్ లైబ్రరీ రాయగలిగారు.

ఒక హెచ్చరిక. 2012లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ తెచ్చిన ఎఎంక్యూపీ 1.0కీ, ఇందాక చెప్పిన 0-9-1కీ పేరు తప్ప పోలిక లేదు. ఒకదాని లైబ్రరీతో రెండోదాన్ని పలకరిస్తే మాట కుదరదు. ర్యాబిట్ చాలా ఏళ్లు 1.0ని ప్లగిన్‌గానే ఉంచి, 2024లో వచ్చిన 4.0 నుంచి లోపలికి తీసుకుంది. మీ భాషకి లైబ్రరీ వెతికేటప్పుడు పేరు చూసి సంతోషపడకండి, వెర్షన్ చూడండి.

ఇక మర్నాటి సంగతి. ఎఎంక్యూపీ ఒప్పందం పార్శిల్ పెట్టె దాకానే. పెట్టె లోపల ఏముందో ఎవరూ రాసుకోలేదు. ‘జేసన్ వాడదాం, జేసన్ అందరికీ అర్థమవుతుంది’ అని మీటింగులో ఎవరో ఒకరు అంటారు, అందరూ తలూపుతారు. (జేసన్ అంటే డేటాని మామూలు అక్షరాల్లో రాసే ఒక పద్ధతి.) జేసన్ అందరికీ అర్థమయ్యే మాట నిజమే, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా.

పీహెచ్‌పీ నుంచి మొదలుపెడదాం. పీహెచ్‌పీలో వరసగా విలువలుండే లిస్టుకీ, పేరూ విలువా జతలుండే డిక్షనరీకీ వాడేది ఒకటే, దాని పేరు అరే (array). అప్లికేషన్‌లో ‘అదనపు వివరాలు’ అని ఒక ఫీల్డు ఉందనుకోండి. విద్యార్థి ఏదైనా నింపితే అది మీసాల బ్రాకెట్లలో ఆబ్జెక్టుగా వెళ్తుంది. ఏమీ నింపకపోతే? ఖాళీ అరే కదా, చదరపు బ్రాకెట్లలో ఖాళీ లిస్టుగా వెళ్తుంది. జావా వైపు మ్యాప్ (డిక్షనరీకి జావా పేరు) కోసం ఎదురుచూసే కోడ్ ‘నాకు లిస్టెందుకు వచ్చింది’ అని ఎక్సెప్షన్ విసురుతుంది. టెస్టింగ్‌లో ఇది దొరకదు, ఎందుకంటే టెస్ట్ చేసేవాళ్లు బుద్ధిగా అన్ని ఫీల్డులూ నింపుతారు. దీనికి కవల సోదరుడు కూడా ఉన్నాడు. అయిదు సబ్జెక్టుల లిస్టులోంచి ఫిల్టర్ చేసి రెండోదాన్ని తీసేస్తే పీహెచ్‌పీలో నంబర్లు 0, 2, 3, 4గా మిగులుతాయి. వరసలో సందు పడింది కాబట్టి ఆ లిస్టు ఆబ్జెక్టుగా మారి బయటికొస్తుంది. గోలో ఇంకో తమాషా. ఏమీ వేయని స్లైస్‌ని (గోలో లిస్టు) జేసన్ చేస్తే నల్, అంటే ‘ఏమీ లేదు’ అన్న గుర్తు, వస్తుంది, వేసి ఖాళీగా ఉంచిన స్లైస్ అయితే ఖాళీ లిస్టు వస్తుంది. గో రాసేవాడికి రెండూ ఒకటే. నోడ్‌లో ఆ నల్ మీద లెంగ్త్ అడిగినవాడి ప్రాసెస్ పడిపోతుంది.

నంబర్ల దగ్గరికి రండి. జావా వైపు అప్లికేషన్ ఐడీ 64 బిట్ల లాంగ్. పైథాన్‌లో పూర్ణాంకానికి హద్దే లేదు. నోడ్‌లో మామూలు నంబర్ అంటే డబుల్ అనే దశాంశ రకం, కాబట్టి 9007199254740991 దాటాక నమ్మకం లేదు. 9007199254740993 అని మెసేజ్‌లో ఉంటే నోడ్ దాన్ని చదివి, చివర్లో 3 బదులు 2 పెట్టుకుంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఎస్సెమ్మెస్ మాత్రం పక్కవాడికి వెళ్తుంది. ట్విట్టర్ 2010లో పెద్ద ఐడీలకు మారినప్పుడు ఇదే ఇబ్బంది. అందుకే ప్రతి ఐడీనీ నంబరుగా ఒకసారి, స్ట్రింగ్‌గా ఇంకోసారి ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రోటోబఫ్ అనే మెసేజ్ ఫార్మాట్‌ని జేసన్‌గా మార్చే నియమాల్లో 64 బిట్ల అంకెల్ని స్ట్రింగులుగానే రాయాలని ఉంది. నా మాటైతే, కూడికలు తీసివేతలు చేయని నంబర్ నంబరే కాదు. ఐడీ, ఫోన్ నంబరు, పిన్‌కోడ్, అన్నీ స్ట్రింగులుగా పంపండి. డబ్బు పైసల్లో పంపండి, పూర్ణాంకంగా. రూపాయల్లో దశాంశం పెట్టి ఫ్లోట్‌గా పంపిన కోడ్ కనబడితే, ఎవరు రాశారని అడగకుండా మార్చేయండి.

తేదీల గొడవ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పీహెచ్‌పీ టైమ్ ఫంక్షన్ ఇచ్చేది సెకన్లు, జావా, నోడ్ ఇచ్చేవి మిల్లీసెకన్లు. సెకన్లను మిల్లీసెకన్లనుకొని చదివితే ఇవాళ్టి అప్లికేషన్ 1970 జనవరి మూడో వారంలో వచ్చినట్టు కనిపిస్తుంది. అది మంచిదే, ఎవరికైనా కళ్లబడుతుంది. కళ్లబడనిది టైమ్‌జోన్. పైథాన్‌లో జోన్ చెప్పకుండా ఇప్పటి సమయం అడిగి అలాగే రాసి పంపితే చివర్లో జోన్ ఉండదు. అవతలివాడు దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటే అయిదున్నర గంటలు తేడా. గడువు రాత్రి పన్నెండు అయితే, సాయంత్రం ఏడింటికి కట్టినవాడి ఫీజు కూడా ఆలస్యం లెక్కలోకి పోతుంది.

మన తెలుగు సంగతి కాసేపు చూద్దాం. సామాన్యంగా ఈ ప్రసంగాల్లో ఇది రాదు, కానీ మన సైట్లలో పేర్లూ ఊళ్లూ తెలుగులో వస్తాయి. ‘తెలుగు’ అన్న మాట తీసుకోండి. మనం మూడు అక్షరాలంటాం. పైథాన్‌ని లెంగ్త్ అడిగితే 6 అంటుంది, ఎందుకంటే ఎత్వం, కొమ్ములు విడివిడి కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఒక్కో నంబరు. జావా, నోడ్ కూడా 6 అంటాయి. గోని అడిగితే 18 అంటుంది, అది యూటీఎఫ్-8 బైట్లు లెక్కపెడుతుంది, తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటీ మూడు బైట్లు. ఎలిక్సిర్ అనే భాష మాత్రం 3 అని మనలాగా చెబుతుంది. ఇప్పుడు ‘పేరు 50 అక్షరాలు మించకూడదు’ అన్న నియమాన్ని అయిదు సర్వీసుల్లో అయిదుగురు రాస్తే ఏమవుతుందో చెప్పండి. పైథాన్ సరేనని తీసుకున్న పేరుని గో పొడుగెక్కువైందని తిప్పి పంపుతుంది.

ఇంకా ఉంది. ‘హైదరాబాద్’లో మొదటి అక్షరాన్ని రెండు రకాలుగా దాచుకోవచ్చు. హకారం పక్కన ఐత్వం ఒకే కోడ్‌పాయింట్‌గా ఉండొచ్చు, లేదా ఐత్వాన్ని ఎత్వం ఒకటి, దాని కింది గుర్తు ఒకటి అని రెండుగా విడదీయొచ్చు. స్క్రీన్ మీద ఒకేలా కనిపిస్తాయి, బైట్లు వేరు. పరీక్షా కేంద్రం పేరునే రౌటింగ్ కీగా పెట్టుకుంటే, ఒక రూపంలో వచ్చిన హైదరాబాద్ మెసేజ్‌లు రెండో రూపంలో కట్టిన క్యూకి చేరవు. బ్రోకర్ బైట్లు పోల్చుతుందే గానీ ఊళ్లు పోల్చదు. పైగా రౌటింగ్ కీకి 255 బైట్లే హద్దు, తెలుగులో అయితే 85 కోడ్‌పాయింట్లకే నిండిపోతుంది. కాబట్టి తెలుగు బాడీలో ఎంతైనా పెట్టండి, లోపలికి వచ్చేచోటే ఎన్‌ఎఫ్‌సీ అనే, గుర్తుల్ని కలిపి దాచే యూనికోడ్ రూపానికి మార్చి పెట్టండి. రౌటింగ్ కీలో మాత్రం కేంద్రం కోడే వాడండి.

అసలు విసిగించేది సంతకాలు. మెసేజ్ మధ్యలో ఎవరూ మార్చలేదని చూసుకోవడానికి హ్యాష్, అంటే బైట్ల వేలిముద్ర లాంటి సంఖ్య, లెక్కకట్టి హెడర్‌లో పెడతారు. కన్స్యూమర్ ఏం చేస్తాడు? జేసన్ చదివి, దాన్నే మళ్లీ జేసన్‌గా రాసి, హ్యాష్ లెక్కకడతాడు. కుదరదు. పైథాన్ మామూలుగా కామా తర్వాత, కోలన్ తర్వాత ఒక ఖాళీ వదులుతుంది. తెలుగు అక్షరాన్ని తెలుగుగా రాయకుండా ఆరు ఆస్కీ (ఇంగ్లిషు) గుర్తుల సంకేతంగా మారుస్తుంది, అంటే ‘తెలుగు’ 18 బైట్లకు బదులు 36 అవుతుంది. పీహెచ్‌పీ అదీ చేస్తుంది, దానికి తోడు యూఆర్‌ఎల్‌లో ఉండే ప్రతి గీత ముందూ ఇంకో గీత పెడుతుంది. గో ఆంపర్‌శాండ్‌నీ, చిన్నది పెద్దది గుర్తుల్నీ సంకేతాలుగా మారుస్తుంది. నోడ్ ఏమీ మార్చదు. అన్నీ చట్టబద్ధమైన జేసనే, అన్నిటి అర్థమూ ఒకటే, ఏ రెండు హ్యాషులూ కలవవు. హ్యాష్ ఎప్పుడూ వచ్చిన బైట్ల మీదే కట్టాలి. విప్పి మళ్లీ మడిచిన దాని మీద కాదు.

సరుకు సంగతి అయింది, ఇప్పుడు మనుషుల సంగతి. అంటే భాషల స్వభావాలు. బ్రోకర్‌కి అన్ని భాషలూ ఒకటే, కానీ భాషలు బ్రోకర్‌తో ఒకేలా ఉండవు. పైథాన్‌లో పీకా అనే లైబ్రరీ చాలామంది వాడతారు, అందులో బ్లాకింగ్ కనెక్షన్ (ఒక పని అయ్యేదాకా ఇంకోటి చేయనిది) వాడటం తేలిక. బ్రోకరూ క్లయింటూ అప్పుడప్పుడూ హార్ట్‌బీట్, అంటే ‘బతికే ఉన్నాను’ అన్న కబురు, పంపుకుంటూ ఉండాలి, ర్యాబిట్‌లో మామూలుగా పెట్టుకునే గడువు 60 సెకన్లు. జావా లైబ్రరీకి ఈ పని చూసుకోవడానికి వేరే త్రెడ్ (పక్కనే సమాంతరంగా నడిచే పని) ఉంటుంది. పీకా బ్లాకింగ్ కనెక్షన్‌లో అలా లేదు. మీ ఫంక్షన్ ఫొటోల కట్ట ముందేసుకుని పది నిమిషాలు కూర్చుంటే ఆ పది నిమిషాలూ హార్ట్‌బీట్ వెళ్లదు. బ్రోకర్ ఆ కనెక్షన్ చచ్చిపోయిందనుకుని తెంపేస్తుంది, యాక్ రాని మెసేజ్‌ని ఇంకో వర్కర్‌కి ఇస్తుంది. మొదటి వర్కర్ పని పూర్తిచేసి యాక్ పంపబోతే తీగే లేదు. రెండో వర్కర్ కూడా అదే పది నిమిషాలు చేస్తాడు, అతనిదీ తెగుతుంది, మూడోవాడికి పోతుంది. సీపీయూ నూరు శాతం, క్యూ మాత్రం కదలదు. ఇలాంటప్పుడు హార్ట్‌బీట్ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆపేస్తే నిజంగా చచ్చిన కనెక్షన్ కూడా బతికున్నట్టే కనిపిస్తుంది. పనిని వేరే త్రెడ్‌లో పెట్టి, యాక్‌ని మాత్రం కనెక్షన్ ఉన్న త్రెడ్‌కి అప్పజెప్పడం దారి. పీకాలోనే దానికి ఫంక్షన్ ఉంది.

పీహెచ్‌పీది దీనికి పూర్తిగా తిరగబడ్డ స్వభావం. రిక్వెస్ట్ వచ్చినప్పుడు పుడుతుంది, పేజీ ఇచ్చి చచ్చిపోతుంది. ప్రతి ఫారంకీ కొత్త కనెక్షన్, కొత్త పలకరింపులు, ఒక చిన్న మెసేజ్, సెలవు. ఎఎంక్యూపీ కనెక్షన్ ఎక్కువసేపు తెరిచి ఉంచడానికి పుట్టింది. చివరి తేదీ రాత్రి ఇలా లక్షల పలకరింపులు పడితే బ్రోకర్ మెసేజ్‌ల భారంతో కాకుండా నమస్కారాల భారంతో కూలబడుతుంది. మధ్యలో కనెక్షన్లు పట్టి ఉంచే ప్రాక్సీ ఒకటి పెట్టండి. లేదా పీహెచ్‌పీ తన డేటాబేస్‌లో ఒక టేబుల్‌లో రాసి ఊరుకుంటే, ఎప్పుడూ నడుస్తుండే చిన్న ప్రాసెస్ ఒకటి అందులోంచి తీసి బ్రోకర్‌కి పంపుతుంది. నాకు రెండోదే ఇష్టం. అప్లికేషన్ సేవ్ అయి మెసేజ్ వెళ్లకపోవడం, మెసేజ్ వెళ్లి అప్లికేషన్ సేవ్ కాకపోవడం, ఈ రెండు బెడదలూ దాంతో తీరతాయి.

కాఫ్కా అనే ఇంకో రకం బ్రోకర్ వాడేవాళ్ల కోసం ఒక్క మాట. 2011లో లింక్డ్‌ఇన్ ఓపెన్‌సోర్స్ చేసిన ఈ కాఫ్కాలో ఒక కీ గల మెసేజ్‌లన్నీ ఒకే పార్టిషన్‌కి (లోపలి విడి వరసల్లో ఒకదానికి) పోతాయి, అందుకే వరస తప్పవు అని నేర్చుకుంటాం. ఏ పార్టిషన్‌కి పోవాలో తేల్చేది బ్రోకర్ కాదు, పంపేవాడి లైబ్రరీ. జావా లైబ్రరీ కీ మీద మర్మర్2 అనే హ్యాష్ వేస్తుంది. సీలో రాసిన లిబ్‌ఆర్‌డీకాఫ్కా, దాని మీద కట్టిన పైథాన్, గో లైబ్రరీలు, మీరు ఏమీ మార్చకపోతే సీఆర్‌సీ32 వాడతాయి. సరామా అనే గో లైబ్రరీ ఎఫ్‌ఎన్‌వీ వాడుతుంది. ఒకే విద్యార్థి ఐడీతో జావా ‘ఫీజు కట్టాడు’ అనీ, పైథాన్ ‘ఫొటో బాగుంది’ అనీ పంపితే రెండూ రెండు పార్టిషన్లకి పోవచ్చు. వరస అక్కడితో సరి. సెట్టింగు మార్చుకుంటే చాలు, లిబ్‌ఆర్‌డీకాఫ్కాలో జావాతో సరిపోయే మర్మర్2 ఉంది. కానీ మార్చాలని ఎవరికో ఒకరికి తెలియాలి.

మరి ఏం చేయాలి? బ్రోకర్ పెట్టిన రోజే మెసేజ్‌లకి ఒక రిపాజిటరీ పెట్టండి, ఏ భాషకీ చెందనిది. అందులో ప్రతి మెసేజ్ స్కీమా, అంటే ఏ ఫీల్డులో ఏ రకం విలువ ఉండాలన్న రాత, ఉండాలి. ప్రోటోబఫ్, అవ్రో, జేసన్ స్కీమా, మీకు నచ్చింది. దేన్నీ మతం చేసుకోకండి. ప్రోటోబఫ్‌లో పేర్లకు బదులు ఫీల్డు నంబర్లు తీగ మీద పోతాయి కాబట్టి, తీసేసిన ఫీల్డు నంబర్ని మళ్లీ ఇంకోదానికి ఇవ్వకూడదు, అదొక్కటి గుర్తుంచుకోండి. స్కీమా కంటే నేను ఎక్కువగా నమ్మేది శాంపిల్ మెసేజ్‌ల ఫోల్డరు. నిజంగా తీగ మీద పోయే బైట్లని ఫైళ్లుగా దాచండి. అదనపు వివరాలు ఖాళీగా ఉన్నది ఒకటి, పెద్ద ఐడీ ఉన్నది ఒకటి, రెండు రకాల హైదరాబాద్‌లు, పేరులో ఎమోజీ ఉన్నది ఒకటి, రేపు రాబోయే కొత్త ఫీల్డు ఉన్నది ఒకటి. ప్రతి భాష టీమూ తన బిల్డ్‌లో ఆ ఫైళ్లన్నీ చదివి సరైన విలువలు వచ్చాయో లేదో చూడాలి. బ్రోకర్ కూడా అక్కర్లేదు, కొన్ని క్షణాల పని. ఎవరికైనా ప్రొడక్షన్‌లో కొత్త రకం మెసేజ్ తగిలిందంటే అదీ అందులోకి చేరాలి.

ప్రతి మెసేజ్‌కీ ఒక ఐడీ ఉండాలి, అది పంపేవాడే పెట్టాలి. యాక్ చేరేలోగా కనెక్షన్ తెగితే మెసేజ్ రెండోసారి వస్తుంది, తప్పదు. ఫీజు రసీదు రెండుసార్లు పోకుండా ఉండాలంటే డేటాబేస్‌లో ఆ ఐడీ మీద యూనిక్ (అదే విలువని రెండోసారి రానివ్వని నియమం) పెట్టండి. చదవడానికి వీలుకాని మెసేజ్‌ని మళ్లీ క్యూలోకి నెట్టకండి, అది అక్కడే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. డెడ్ లెటర్ క్యూ ఒకటి కట్టి అందులోకి పంపండి, రోజూ ఎవరో ఒకరు దాన్ని చూడాలి. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నది పేరు రాసి పెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

ప్రశ్న: సర్, మాది చిన్న కంపెనీ. రెండే సర్వీసులు, ఒకటి పైథాన్, ఒకటి జావా. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎలాగూ ఉంది. అందులోనే ఒక టేబుల్ పెట్టుకుని ఇద్దరూ దాన్నే క్యూలా వాడుకుంటే తప్పా?

తప్పేం లేదు. బ్రోకర్ అమ్మేవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, రెండు సర్వీసులకి మీరు చెప్పిందే మేలు. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి లాక్ పడ్డ వరసల్ని దాటేసి తర్వాతి వరస తీసుకునే సదుపాయం ఉంది, ఇద్దరు వర్కర్లు ఒకే పని ఎత్తుకోరు. ట్రాన్సాక్షన్ కూడా ఉచితంగా వస్తుంది. బ్రోకర్ అంటే ఇంకో సర్వర్, దానికి అప్‌గ్రేడ్లు, అర్ధరాత్రి అలారాలు. ఎవరు చూసుకుంటారో కూడా ఆలోచించాలి కదా. ఒకే సంఘటన గురించి అయిదారుగురికి వేర్వేరుగా తెలియాల్సి వచ్చినప్పుడు, లేదా డేటాబేస్ పాస్‌వర్డ్ ఇవ్వలేని బయటివాళ్లు కలిసినప్పుడు బ్రోకర్ దగ్గరికి వెళ్లండి. అప్పటిదాకా ఆ టేబుల్‌లో పెట్టే జేసన్‌కి మాత్రం ఇందాక చెప్పిన జబ్బులన్నీ ఉంటాయి, అక్కడ మినహాయింపు లేదు. ఇంకో మాట. అడిగినవాడు జవాబు కోసం స్క్రీన్ ముందు కూర్చుని ఉంటే క్యూ పెట్టకండి. జవాబు ఎక్కడికి పంపాలో చెప్పే రిప్లై-టూ, అది ఏ ప్రశ్నకో చెప్పే కోరిలేషన్ ఐడీ పెట్టి క్యూల మీద ప్రశ్న-జవాబు నడపొచ్చు, నడుస్తుంది. కానీ దానికి మామూలు హెచ్‌టీటీపీ కాల్ హాయి.

ఆ, చివరి వరసలో తమ్ముడు.

ప్రశ్న: మా దగ్గర సెలరీ టాస్కులు, అంటే పైథాన్‌లో క్యూ ద్వారా వెనక నడిపించే పనులు, చాలా ఉన్నాయి. నోడ్ నుంచి వాటిని పిలవాలి. సెలరీ కూడా ర్యాబిట్ మీదే నడుస్తుంది కాబట్టి నోడ్ నుంచి తిన్నగా ఆ క్యూలో మెసేజ్ వేసేయొచ్చా?

వేయొచ్చు. సెలరీ మెసేజ్ ఎలా ఉండాలో వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. 2016లో వచ్చిన 4.0 నుంచి టాస్క్ పేరు, ఐడీ లాంటివి హెడర్లలోకి వెళ్లాయి. బాడీలో మూడు అంశాల లిస్టు ఉంటుంది: వరసగా ఇచ్చే ఆర్గ్యుమెంట్లు, పేరుతో ఇచ్చేవి, తర్వాత నడవాల్సిన టాస్కుల వివరాలు. కంటెంట్ టైప్ జేసన్ అని పెట్టాలి. అది మాత్రం మరిచిపోవద్దు. మీ సెలరీ సెటప్ పాతదైతే అందులో పికిల్ (పైథాన్ సొంత డేటా ఫార్మాట్) ఉందేమో ముందు చూసుకోండి. 4.0కి ముందు మామూలుగా వచ్చేది అదే. పికిల్‌ని విప్పడమంటే అవతలివాడు పంపిన కోడ్ నడిపించడమే, క్యూలో రాయగలిగిన ప్రతివాడికీ మీ సర్వర్ తాళం ఇచ్చినట్టు.

అయితే నేనైతే అలా చేయను. నోడ్ వాళ్లు సెలరీ లోపలి అమరికను అనుకరించడం మొదలుపెడితే, రేపు మీ పైథాన్ టీమ్ ఒక ఫంక్షన్ పేరు మార్చినా నోడ్ వైపు విరుగుతుంది, ఎందుకు విరిగిందో వాళ్లకు తెలియదు. నోడ్ తన మాటలో ‘ఫొటో వచ్చింది’ అని మామూలు మెసేజ్ మామూలు క్యూలో వేయనివ్వండి. పైథాన్ వైపు చిన్న కన్స్యూమర్ ఒకటి పెట్టండి. అది మెసేజ్ చదివి, స్కీమాతో సరిచూసి, సరైన సెలరీ టాస్క్‌ని పిలిచి, ఆ పిలుపు క్యూలో పడ్డాకే యాక్ ఇవ్వాలి. ఇరవై ముప్ఫై లైన్ల కోడ్. ఇక సెలరీ వెర్షన్ మార్చినా, సెలరీనే తీసేసినా, నోడ్ వాళ్లకి మెయిల్ కూడా పెట్టక్కర్లేదు.

టైమ్ అయిపోయిందంటున్నారు. మిగతా ప్రశ్నలు బయట టీ దగ్గర మాట్లాడుకుందాం.